మగ్గం గుంతలో గిటారు పెట్టె

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే బస్సులో ఉచ్చీరమ్మ కిటికీ పక్కన కూర్చోలేదు. ఎదురు లారీ రాసుకుపోతే చెయ్యి పోతుందని. తలుపు దగ్గరా కూర్చోలేదు. మలుపులో తలుపు ఊడితే మనిషే పోతుందని. చివరికి మధ్యలో, వేరుశనగ మూటకూ ఎవరిదో మేకపిల్లకూ నడుమ ఇరుక్కుని, పాత దుప్పట్లో చుట్టిన గిటారును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొడుకు రామాంజి పక్కనే నిలబడ్డాడు. ఈమెను వెంట తేవడం కన్నా నడిచి పోవడమే మేలనుకుంటున్నట్టు ఉంది వాడి మొహం.

"మా, గట్టిగా అదమొద్దు. తీగలు వంగుతాయి."

"నాకు తెలీదా? నిన్ను ఎత్తుకున్న సేతులే ఇవి."

"నన్ను ఎత్తుకున్నట్ల దాన్ని ఎత్తుకోవద్దనే సెప్తాండా."

ఆ గిటారు ఇంటికి వచ్చి మూడు నెలలయింది. బళ్లారిలో పాటల పార్టీ ఎత్తేసిన ఒకాయన దగ్గర, రెండేళ్ల నేతకూలి దాచుకుని రామాంజి కొన్నాడు. అది కరెంటు గిటారని చెప్పిన రోజు ఉచ్చీరమ్మ అన్నం ముట్టలేదు. కరెంటుతో నడిచేది ఏదైనా మనిషిని చంపడానికే పుట్టిందని ఆమె నమ్మకం. ఇంట్లో ఉన్న ఒక్క బల్బు కూడా అదను కోసం వేలాడుతున్నదే. అయితే వాడు వాయించి చూపించాక ఆమె మనసు కుదుటపడింది. తీగ మీటితే దోమ మూలిగినంత శబ్దం వచ్చింది. పక్కన భర్త లక్ష్మప్ప మగ్గం టకటకలాడుతుంటే ఆ దోమ కూడా వినిపించలేదు. ఇంత సాధువైన వాయిద్యం లోకంలో ఉండదని ఆమె సంబరపడింది. మరి ఇందులో కరెంటు ఎక్కడుందని మాత్రం అడగలేదు, అడిగితే వస్తుందేమోనని.

అడగకపోయినా వచ్చింది. ఆదోనిలో పెళ్లిళ్లకు పాటల పార్టీ నడిపే బడే సాబ్ దగ్గర గిటారు మనిషి మానేశాడు. రామాంజి పరుగున పోయి కలిశాడు. బడే సాబ్ తమ యాంప్లిఫయర్ పెట్టెకు వైరు తగిలించి వాయించమన్నాడు. వీడు మీటిన తీగతో పాటు మీటని తీగలు నాలుగు మోగాయి. వేలు జారిన చోటల్లా బస్సు బ్రేకు వేసినట్టు కీచుమంది. వాడు సిగ్గుతో చచ్చిపోయాడు.

"పెట్టె లేకుండా నేర్సినావు కదా బేటా," అన్నాడంట బడే సాబ్, "నీ తప్పులు నీకే వినపడలేదు. సిన్న పెట్టె ఒకటి కొనుక్కో. సాధకం జెయ్యి. వచ్చే శుక్రవారం కాకుండా ఆపై శుక్రవారం రా. బాగుంటే నువ్వే మా మనిషి. లేకుంటే గుంతకల్లు పిల్లోడొకడు కాసుకొని ఉండాడు."

అప్పటి నుంచి ఇంట్లో పెట్టె, పెట్టె అని ఒకటే పోరు. డబ్బు ఉచ్చీరమ్మ దగ్గరుంది, నూలు కండెలు చుట్టి కూడబెట్టింది. కొంటే కరెంటు కొట్టి కొడుకు పోతాడు. కొనకుంటే ఆ ఉద్యోగం పోతుంది. పోతే వాడు మళ్లీ మగ్గంలో కూర్చుంటాడు. వాడికి మగ్గం మీద మనసు లేదు. వాడు నేసిన పంచెకు అంచు ఒక చోట వేలంత, ఇంకో చోట దారమంత. మనసు చచ్చినవాడు ఏ బావి వైపు నడుస్తాడో ఎవరికి తెలుసు? రెండు దిక్కులా చావే కనిపిస్తుంటే తల్లి ఏం చేస్తుంది? తనే బయల్దేరింది, ఆ పెట్టె సంగతి తేల్చడానికి.

"నువ్వెందుకే? వాడికి తెల్సు," అన్నాడు లక్ష్మప్ప, మగ్గంలో అటూ ఇటూ పోయే నాడె ఆపకుండానే.

"వాడికి తెల్సింటే నాకీ తిప్పలేంటికి? నీకు తెల్సింటే అసలేంటికి?" అని ఆమె చెప్పులేసుకుంది.

*

నబీ సాబ్ అంగడి ఆదోని బజారులో ఒక సందు మొదట్లో ఉంది. రేడియోలు బాగుచేస్తాడు, మైకు సెట్లు బాడుగకిస్తాడు, ఎవరికి ఎట్లాంటి పెట్టె కావాలన్నా కట్టి ఇస్తాడు. యాభై దాటిన మనిషి, నిదానస్తుడని పేరు. వీధికన్నా మూరెడు ఎత్తున చెక్క పలకలు పరిచి, వాటి మీద స్టూలేసుకుని, టైరు చెప్పులతో కూర్చుని ఉన్నాడు.

"ఇండ్లో సాధకానికి సాబూ," అన్నాడు రామాంజి. "సిన్నది. ధర తక్కువది."

"కరెంటు కొట్టనిది," అంది ఉచ్చీరమ్మ.

"నా అంగడిలో ఏదీ కొట్టదమ్మా," అని నవ్వాడు నబీ సాబ్. ఆ రోజుకు అదే ఆయన ఆఖరి నవ్వు.

ముందు ఒక ఇనుప పెట్టె చూపించాడు. కొత్తది. జాతరకైనా చాలుతుందన్నాడు. ఎనిమిది వందలు.

"జాతర మా ఇంట్లో జరగదులే సాబూ. ఇంగొకటి తియ్యి."

రెండోది చెక్క డబ్బాలో పాత వాల్వు రేడియో. స్టేషన్లు పట్టే ముల్లు విరిగిపోయింది. కానీ వెనక గ్రామఫోను తగిలించే చోటుంది, అందులో గిటారు వైరు పెడితే చాలు. నూట యాభై. నబీ సాబ్ ప్లగ్గు పెట్టి, రేడియో వేడెక్కేదాకా ఆగి, వైరు తగిలించాడు. రామాంజి పలకల మీద కూర్చుని తీగ మీటాడు.

ఉచ్చీరమ్మ అదిరి రెండడుగులు వెనక్కి వేసింది. దోమ అనుకున్నది ఆంబోతైంది. అయితే మంచి ఆంబోతు. గొంతు గుండ్రంగా, బరువుగా ఉంది. రామాంజి మొహం చూసింది. చిన్నప్పుడు బెల్లం దొంగిలించి దొరకనప్పుడు వాడి మొహం ఇట్లాగే ఉండేది.

"ఇదే మా! ఇదే కావల్ల."

"ఊకుండు. సాబూ, ఇది రేడియో కదా? రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టల్ల కదా? పోలీసోళ్లొస్తే?"

"ఇది పాడదమ్మా ఇప్పుడు. గిటారుకు లైసెన్సు అడిగే పోలీసు ఇంకా పుట్టలేదు."

"పుడతాడు. ఇది వేడెక్కుతాదా?"

"రోంత."

"ఎంత రోంత?"

"టీ గ్లాసంత."

"లోపల ఆ గాజు బుడ్లు పగిలితే?"

"పగలవు."

"మంటొస్తే?"

"రాదు."

"వస్తే?"

"వస్తే నీళ్లు..."

"కరెంటు మీద నీళ్లా! రామాంజీ, విన్నావా ఈయన మాట?"

నబీ సాబ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "బాబూ, మీ యమ్మను రోంతసేపు ఆ టీ అంగట్లో కూసోబెట్టి వస్తావా?"

"లేసొస్తాది సాబూ," అన్నాడు రామాంజి, గిటారు మీదికి తల వంచుకుని. "ఎన్నిసార్లు కూసోబెట్టినా లేసొస్తాది."

నబీ సాబ్ టోపీ పెట్టుకుని, ఏదో గుర్తొచ్చినట్టు అటక మీదినుంచి మూడో పెట్టె దించాడు. మూరెడు పొడవు రేకు డబ్బా, ముందు చిల్లుల పలక, లోపల ఆరు టార్చి సెల్లులు. ఊరూరా తిరిగి, మైకులో అరుస్తూ, పళ్లు తోముకునే పండ్లపొడి అమ్మే మనిషి కోసం కట్టాడంట. ఆ మనిషి మళ్లీ రాలేదు. నూట ఇరవై. రామాంజి తగిలించి మీటాడు. చెంబులో కూర్చుని ఎవరో పాడుతున్నట్టు వచ్చింది.

"థూ," అన్నాడు. "పండ్లపొడి డబ్బా. నాకొద్దు."

"సరే, వాల్వుదే తీసుకోండి, పొండి," అన్నాడు నబీ సాబ్. బేరం తెగిందన్న ఆశ గొంతులో వినిపించింది.

ఉచ్చీరమ్మ కొంగుముడి విప్పలేదు. "సాబూ, ఒక్క మాట. గుంతలో కూసోని ముట్టుకుంటే ఇది కొడతాదా?"

"ఏం గుంతమ్మా?"

ఆమెకు విసుగొచ్చింది. మగ్గం గుంత తెలియని మనిషికి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలి? "మాది గుంత మగ్గం. నేలలో గుంత తవ్వుకుంటాము. కాళ్లు గుంతలో పెట్టి గట్టున కూసోని నేస్తాము. దారం తెగకుండా గుంతలో దినామూ నీళ్లు సల్లుతాము, తేమ ఉండల్లని. వీనికి ఇండ్లో కూసోను ఇంగో తావు లేదు. వీడు సాధకం జేసేది ఆ గుంతలో కాళ్లు పెట్టుకొనే. పోయినేడు మా బల్బు హోల్డరు వదులైతే నేను పీట మీద నిలబడి ముట్టుకున్నా, ఏం కాలేదు. ఆయన గుంతలోనుంచి లేసి అట్లే తడికాళ్లతో ముట్టుకున్నాడు, ఎగిరి అవతల పడినాడు. గుంతకూ కరెంటుకూ పడదు. అది అడుగుతాండా."

"ఇదిగో, సూడు," అని నబీ సాబ్ రేడియో వెనక ఇనుప పలక మీద అరచెయ్యి పెట్టాడు. గిటారు తీగలు నిమిరాడు. "ముప్పై ఏండ్ల నుంచి ముట్టుకుంటాండా. కొట్టిందా?"

"నువ్వు పలకల మీద ఉండావు. కాళ్లకు టైర్లుండాయి."

"మా!" అన్నాడు రామాంజి.

"దిగి నిలబడి ముట్టుకోమను."

నబీ సాబ్ చెప్పులు విడిచాడు. విసురుగా కిందికి దిగి వీధి బండ మీద నిలబడి, ఒక వేలు తీగకు తగిలించి, "కొట్టిందా? కొట్టిందా?" అని రెండుసార్లు అడిగాడు. దారిన పోయే ఇద్దరు ఆగి చూశారు.

"బండ ఎండి ఉండాది. తడిపి నిలబడు సాబూ."

"అరే, నా అంగడి ముందర నన్నే సంపుతావా తల్లీ!"

"సూసినావా రామాంజీ? సస్తాడంట! ఆయనే సెప్తాండాడు!"

"ఆయన మాటకన్నాడు మా! నీతో పడలేక అన్నాడు!" రామాంజి గొంతు వీధంతా వినిపించింది. "ఆ శుక్రవారం దాటిపోతే నా బతుకు పోతాది. నువ్వు ఈడ నీళ్లు సల్లుకుంటా ఉండు!"

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. కానీ నీళ్లు అన్న మాట కూడా చెవిన పడింది. ప్రయాణానికి తెచ్చుకున్న మరచెంబు మూత తిప్పి, బండ మీద గుమ్మరించి, చెప్పులు విడిచి, ఆ తడిలో రెండు పాదాలూ పెట్టింది.

"మీరెవరూ వద్దు. నేనే ముట్టుకుంటా. నేను పోతే ఏం? మీ నాయనకు అన్నం వండను వచ్చు."

చెయ్యి చాపింది. రామాంజి గిటారుతో సహా ఎగిరి దూకి ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. కాలికి వైరు చుట్టుకుంది. గిటారు చేజారి పలకల మీద పడి డంగుమంది. గోడలోని ప్లగ్గు ఊడి కింద పడింది. పెట్టె మూగబోయింది.

"యా అల్లా," అన్నాడు నబీ సాబ్. పైకెక్కి, చెప్పులు తొడుక్కుని, ప్లగ్గు తీసి గోడకు గుచ్చాడు. పెట్టె మళ్లీ వేడెక్కి గుర్రుమంది. ఆయన జేబులోంచి టెస్టర్ తీశాడు. "ఇదిగో తల్లీ. దీంట్లో సిన్న బల్బుంది. కరెంటుంటే వెలుగుతాది. లేకుంటే లేదు. ఇది సూసైనా మా ఇద్దరినీ ఇడిసిపెట్టు."

టెస్టర్ మొన గిటారు తీగకు ఆనించాడు.

ఎర్రగా వెలిగింది.

నబీ సాబ్ టెస్టర్‌ను దులిపాడు. మళ్లీ పెట్టాడు. వెలిగింది. ప్లగ్గు పీకి, దాని రెండు కాళ్లను అటుదిటు తిప్పి గుచ్చాడు. ఈసారి వెలగలేదు. మళ్లీ తిప్పాడు. వెలిగింది. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇట్ల పెడితే ఏం లేదు," అన్నాడు మెల్లగా. "తిప్పి పెడితే ఇనుప పలకలోకి కరెంటొస్తాంది. పలకలోనుంచి వైరులోకి, వైరులోనుంచి తీగల్లోకి. పాత రకం రేడియో ఇట్లనే ఉంటాది. కానీ రేడియోకు సుట్టూ చెక్క, ముందర ప్లాస్టిక్ బిరడలు. లోపలి ఇనుము ఎవరు ముట్టుకుంటారు? వినేటోళ్లు వింటారు, అంతే. గిటారుకు ఇస్తే దాని ఇనుము మనిషి సేతికే ఇచ్చినట్లని..." టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నాకు తట్టలేదమ్మా."

ఉచ్చీరమ్మ ఇంకా తడిబండ మీదే నిలబడి ఉంది. తన భయం నిజమైనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లలో ఆమె భయపడింది భయపడినట్టే జరగడం ఇదే మొదలు.

"ప్లగ్గుకు ఎర్రసుక్క పెడితే సరిపోతాది కదా సాబూ?" అన్నాడు రామాంజి. "సుక్క పైకుండేట్ల పెడతా."

తల్లి తలకాయ పట్టుకుంది. "ఇంగా అదే కావల్లంటాండావా! నేను ఇల్లు ఊడ్సేటప్పుడు ప్లగ్గు పీకుతా. మళ్లా ఎవరు పెడతారు? మీ నాయన. ఆయనకు పంచెలో పోగు తెగితే కనపడదు, సుక్క కనపడతాదా?"

"వద్దులే బాబూ," అన్నాడు నబీ సాబ్. "మా అంగడి గోడలో కరెంటు ఒక తీరుగా ఉంటాది, మీ ఇంటి గోడలో ఇంగో తీరుగా ఉంటాది. సుక్క నమ్మొద్దు. దీన్ని గిటారుకు నేను అమ్మను. నువ్వు ఐదు వందలిచ్చినా అమ్మను."

ఇక మిగిలింది పండ్లపొడి డబ్బా. నబీ సాబ్ నూట ఇరవై అన్నది వంద చేశాడు, కొత్త సెల్లులు వేశాడు. ఉచ్చీరమ్మ దాన్ని అన్ని వైపులా తిప్పి చూసి, "గోడలోకి పోయే వైరు లేదు కదా?" అని మూడుసార్లు అడిగి కొంగుముడి విప్పింది.

*

తిరుగు బస్సులో రామాంజి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. సెల్లులు పేలతాయా అని ఆమె అడిగినప్పుడు మాత్రం కళ్లు మూసుకున్నాడు.

ఇంటికి వచ్చి, సరుకు రాక వారం నుంచి ఖాళీగా ఉన్న తన మగ్గం గట్టున కూర్చుని, పెట్టెను పక్కన పెట్టి తీగ మీటాడు. అవతల లక్ష్మప్ప మగ్గం టకటకమంటోంది.

"వాయించు," అన్నాడు లక్ష్మప్ప.

"వాయిస్తాండా!"

"యాడ? నాకు కనపడతాంది గానీ వినపడదే. ఈగ ఏమన్నా పోయిందా?"

రామాంజి పెట్టె మీదున్న శబ్దం పెంచే బిరడ ఆఖరుకు తిప్పాడు. ఈగ గొంతు బొంగురుపోయింది, పెద్దది కాలేదు. చెవి పెట్టెకు ఆనించి వాయించాడు. మెడ పట్టేసింది. గిటారు గోడకు ఆనించి లేచాడు.

"నా తప్పులు నాకు వినపడల్లనే కదా పెట్టె! అదే వినపడకుంటే దేనికి? పోనీలే. ఆ గుంతకల్లోనికే ఇయ్యనీ. నువ్వు సంతోషంగా ఉండు మా. నేను సావలేదు కదా."

వాడు బయటికి పోయాడు. ఉచ్చీరమ్మ గుమ్మంలో నిలబడి, వాడు ఏ దిక్కుకు పోతున్నాడో చూసింది. బావి వైపు కాదు, టీ అంగడి వైపు. లక్ష్మప్పను మగ్గం ఆపమని అడగడానికి నోరు రాలేదు. వారం చివరికి పంచెలు నేసి దింపాలి. ఆ పెట్టెను చూస్తే ఒళ్లు మండింది. చావు లేని పెట్టె కావాలంది, దొరికింది. అందులో ప్రాణమూ లేదు.

పైగా అది ఇప్పుడు ఇంట్లో ఉంది. ఆరు సెల్లులు. సెల్లు చీమిడి కారి రేకును తినేస్తుందని ఎవరో అనగా విన్నది. పక్కనే నూలు చిలపల కట్టలు. మంటంటుకుంటే ఇల్లంతా దూదే. ఎక్కడ పెట్టాలి? వంటింట్లో పొయ్యి. అటక మీద పెడితే తల మీద పడుతుంది. చివరికి కొడుకు మగ్గం గుంతలో, అడుగున ఇటుక పెట్టి, ఇటుక మీద పెట్టెను మూలకు ఆనించి దించింది. పేలితే మట్టిలోనే పేలుతుంది. పక్కన ఒక గంప మన్ను కూడా పెట్టుకుంది, పోయడానికి.

రామాంజి గంట తర్వాత వచ్చాడు. గుంతలోకి చూశాడు. గంపను చూశాడు.

"అదేంది మా? పూడ్సిపెడతాండావా?"

"ఆడే ఉండనీ. అట్లే వాయించు."

వాదించే ఓపిక వాడికి లేదు. కాళ్లు గుంతలో పెట్టి, వైరు తగిలించి, కసి కొద్దీ ఒక్క తీగ లాగి విడిచాడు.

గుంత పలికింది. గుంత గోడల మధ్య నుంచి శబ్దం ఉబికినట్టు పైకి వచ్చింది, లావుగా, గుండ్రంగా. కూర్చున్న మనిషి మోకాళ్ల మీదుగా తిన్నగా మొహానికి కొట్టింది. రామాంజి చెయ్యి గాల్లో ఆగిపోయింది. మళ్లీ మీటాడు. మీటని తీగ ఒకటి కూడా మోగింది. అది వాడికి వినిపించింది. బొటనవేలు మడిచి దాన్ని నొక్కిపెట్టి, ఇంకోసారి మీటాడు.

అవతల నాడె ఆగింది. "ఏమే, వేరే పెట్టె తెచ్చినారా?"

"అదే," అంది ఉచ్చీరమ్మ.

"మరి ఎక్కువ పెట్టినారా?"

"అంతే ఉండాది. నువ్వు నెయ్యి."

మొదటి రెండు పూటలు ఆమె గంపతోనే పక్కన కూర్చుంది. రామాంజి పాట సగంలో ఆపి, "మా, నువ్వు మన్ను పట్టుకొని నా దిక్కు అట్ల సూస్తాంటే నాకు వేళ్లు ఆడవు" అన్నాక గంపను రెండడుగులు దూరం జరిపింది. అంతకంటే జరపలేదు.

*

శుక్రవారం తెల్లవారగానే ఆమెకు కొత్త సంగతి తట్టింది. బడే సాబ్ పార్టీ పెట్టె కరెంటుది.

"దానికి టెస్టర్ పెట్టినారా ఎవరన్నా?"

"నాకు బస్సుకు టైమయింది మా."

"పోయినసారి ముట్టుకున్నావు కదా, సెప్పులు ఏసుకొని ఉండావా?"

"వాయిద్యం ముట్టుకునేటప్పుడు సెప్పులు ఇడుస్తారు మా. అందరూ ఇడుస్తారు. నేనొక్కన్నే ఏసుకొని కూసుంటే తరిమేస్తారు."

అదీ నిజమే. ఆమె లోపలికి పోయి అన్నం తినే చెక్కపీట తెచ్చి గిటారు మీద పెట్టింది. వాడు తీసి కింద పెట్టాడు. ఆమె మళ్లీ పెట్టింది. మూడోసారి వాడు తీయలేదు. దాని మీద ఆమె చేతులు రెండూ ఉన్నాయి, కళ్లలో నీళ్లున్నాయి. బస్సు హారన్ వినిపిస్తోంది.

"వీడు భోజనానికి పోతాండాడా, వాయించను పోతాండాడా?" అన్నాడు లక్ష్మప్ప.

ఆ పగలంతా ఆమె కండెలు చుట్టలేకపోయింది. బస్సు పడుతుంది, కరెంటు కొడుతుంది, గుంతకల్లు పిల్లవాడు బాగా వాయిస్తాడు. మూడింటిలో మూడోదానికి ఎక్కువ భయపడుతున్నానని తెలిసి తన మీద తనకే కోపం వచ్చింది.

పొద్దు వాలే వేళకు రామాంజి వచ్చాడు. గిటారు, పీట, రెండూ ఉన్నాయి. పీటను ఆమె ముందు దభీమని పడేశాడు.

"నవ్వినారు మా. పీటేసుకొని నిలబడితే పార్టీ అంతా పడి పడి నవ్వినారు. 'పెండ్లికొడుకా? పెండ్లికూతురేదిరా?' అన్నాడు డోలకు వాయించేటోడు. నాకు పీట రామాంజి అని పేరు పెట్టినారు. ఇంగ సచ్చేదాకా అదే పేరు."

"పెట్టినారా?" ఉచ్చీరమ్మ పీటను తీయబోయి ఆగింది. "పేరు పెట్టినారంటే... తీసుకున్నారా?"

"ఆదివారం నుంచి రమ్మన్నారు."

లక్ష్మప్ప నాడె పక్కన పెట్టాడు. ఉచ్చీరమ్మ పీట మీదే కూర్చుండిపోయింది.

"ఇంగొకటి," అన్నాడు రామాంజి, ఆమె వైపు చూడకుండా. "పాట పాడేటాయనకు మైకు పట్టుకుంటే జివ్వుమంటాదంట, శానా దినాల నుంచి. అందరూ పోయినాక మెల్లగా వచ్చి, ఇట్లాంటి పీట యాడ దొరుకుతాది అని అడిగినాడు. నబీ సాబ్ అంగడికీ పోయొచ్చినా. ఇది నీకిచ్చినాడు. మళ్లా నీళ్లు తేవద్దని సెప్పమన్నాడు."

జేబులోంచి కొత్త టెస్టర్ తీసి ఇచ్చాడు.

ఉచ్చీరమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. ఎట్లా పట్టుకోవాలో రెండుసార్లు అడిగి తెలుసుకుంది. పీట మీద నిలబడి ముందు స్విచ్చి బోర్డుకు పెట్టింది, వెలిగింది. తర్వాత బల్బు తీగకు, బట్టల ట్రంకుపెట్టెకు, నీళ్ల బిందెకు పెట్టింది. ఆపైన గుంతలోకి వంగి, సెల్లుల డబ్బాకు ఆనించింది.

"మా, దానికి కరెంటు లేదు! సెల్లులది అది!"

"నాకు తెలీదా?" అంది.

వెలగలేదు. నాలుగు మూలలా పెట్టి చూసింది, ఎక్కడా వెలగలేదు. ఆమె టెస్టర్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది.

"రామాంజీ, ఇది సరిగ్గా పని సేస్తాందా లేదా? ఆదివారం పోయినప్పుడు ఆ నబీ సాబును అడిగి రా."